తాళం వేసిన తొమ్మిది ఇళ్లు

ఆవిడ పుట్టుకతోనే భయస్తురాలు. చిన్నప్పుడు ఉయ్యాల ఎక్కిస్తే ఏడుపు అందుకునేది. పెద్దయ్యాక లిఫ్టు ఎక్కమంటే మోకాళ్ల నొప్పులున్నా మెట్లే ఎక్కేది. కుక్క మొరిగితే వీధి మార్చేది. అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం ఏమిటంటే, ముక్కూ మొహం తెలియనివాళ్ల తలుపులు తట్టి, లోపలికి వెళ్లి కూర్చుని, "మీ ఇంట్లో ఏం కష్టముంది?" అని అడగడం. సంక్షేమ కార్యాలయంలో సోషల్ వర్కరు. ఇరవై రెండేళ్లుగా అదే పని.

చంకలో ఫైలు, చేతిలో పెన్ను, ఎవరేం చెప్పినా తలూపుకుంటూ రాసుకోవడం. అందుకని జనం ఆవిడకి రాతలమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరు ఆవిడకీ తెలుసు. మొదట్లో ముఖం ముడుచుకునేది, తర్వాత అలవాటైపోయింది. ఆవిడ భర్త బడిలో లెక్కల మాస్టారు. ఇంట్లో ఆయన కూడా అప్పుడప్పుడు, "రాతలమ్మగారూ, ఈ పూట కూరలో ఉప్పు వేసినట్టు ఎక్కడైనా రాసుకున్నారా?" అనేవాడు.

ఆ రాతే ఏడేళ్ల కిందట ఒకసారి ఆవిడ మెడకి చుట్టుకుంది.

ఒక ఇంట్లో వెనక గదిలో ముసలాయన ఉండేవాడు. ఈవిడ వెళ్లి అడిగితే కోడలు గుమ్మంలోనే నిలబడి, "మామయ్యకేం లోటండీ, వేళకి తింటున్నారు, పడుకుంటున్నారు" అంది. గదిలోకి తొంగిచూస్తే ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడు, లేపడం ఎందుకనుకుంది. నిజం చెప్పాలంటే, ఆ కోడలి గొంతుకి జంకింది. ఫారంలో "సహాయం అవసరం లేదు" అని రాసి వచ్చేసింది. పదకొండో రోజున ఆయన పోయాడు. ఒంటినిండా పుళ్లు, డొక్కలు వీపుకి అంటుకుపోయి ఉన్నాయని తర్వాత ఎవరో చెప్పారు. ఆఫీసులో ఎవరూ ఆవిడని ఒక్క మాట అనలేదు. అననందుకే ఆ సంగతి లోపల ఉండిపోయింది. అప్పట్నుంచి ఫారం మీద సంతకం పెట్టేటప్పుడల్లా వేళ్లు చల్లబడేవి.

ఈ కథ జరిగిన ఏడాది ఆఫీసుకి కొత్త ఉత్తర్వు వచ్చింది. ఒక్కో వీధిలో జనానికి ఏం అవసరమో ఇంటింటికీ తిరిగి కనుక్కోవాలి. ఫారంలో పదిహేను అవసరాలు అచ్చువేసి ఇచ్చారు. కుట్టు శిక్షణ, గ్రంథాలయం, వైద్య శిబిరం, వీధిదీపాలు, ఇలా. జనం చెప్పినదానికి ఎదురుగా టిక్కు పెట్టాలి. రాతలమ్మకి వచ్చిన వీధిలో అరవై నాలుగు ఇళ్లు. పాత మిల్లు పనివాళ్ల క్వార్టర్లు అవి. ఒకదాన్నొకటి ఆనుకుని, ఒకే రకం తలుపు, తలుపు పక్కన ఒకే రకం కటకటాల కిటికీ.

పై అధికారి ఫారాల కట్టతో పాటు ఒక కాగితం కూడా ఇచ్చాడు. ఆయన్ని అందరూ సార్ అంటారు. చెడ్డవాడు కాదు, తొందర మనిషి.

"ఇది కూడా ఆ వీధి నుంచే వచ్చిందమ్మా. సంతకం లేదు. ఎలాగూ వెళ్తున్నారు కదా, ఓసారి చూసిరండి."

గీతల కాగితం మీద పెద్ద పెద్ద అక్షరాలు. 'పదిహేడో నంబరు ఇంట్లో ఆడమనిషిని పెట్టి తాళం వేస్తున్నారు. ఆవిడ ఏడుస్తుంది. ఇది రాసింది ఎవరో అడగొద్దు.'

రాతలమ్మ దాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. ఆ రాత్రి మాస్టారు రెండుసార్లు పలకరించినా ఆవిడకి వినబడలేదు.

మర్నాడు పొద్దున్న పదకొండింటికి పదిహేడో నంబరు ముందు నిలబడింది. గడియకి ఇత్తడి తాళం వేలాడుతోంది. ఎవరూ లేరు కాబోలు, సాయంత్రం రావచ్చు అనుకుని లోలోపల ఊపిరి పీల్చుకుంది. వెనక్కి తిరిగేంతలో తలుపు మీద లోపల్నుంచి చప్పుడు. గట్టిగా కాదు. ఎదుటివాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు మర్యాదగా తడతామే, అలా మూడుసార్లు.

రాతలమ్మ మళ్లీ తలుపు వైపు తిరిగింది. 

కిటికీ రెక్క కాస్త తెరుచుకుంది. కటకటాల్లోంచి రెండు వేళ్లు బయటికొచ్చాయి. సన్నటి వేళ్లు, గోళ్లు శుభ్రంగా కత్తిరించి ఉన్నాయి.

"కొలతలు తెచ్చారా?" అంది లోపలి గొంతు.

"ఏం కొలతలమ్మా?"

"చేతులు పొడుగా, పొట్టా? చెప్పకుండా వెళ్లిపోతే నేనెట్లా కత్తిరించేది?" ఆ గొంతులో చిరాకుంది. ఆ వెంటనే పూర్తిగా వేరే గొంతుతో, "అమ్మా, తలుపు తియ్యరా? నేను ఇంటికెళ్లాలి. చీకటి పడితే మావాళ్లు తిడతారు" అంది. ఆ తర్వాత ఏడుపు వినిపించింది. పసిపిల్లల ఏడుపులా ఆగకుండా, ఎవరో ఒకరు వస్తారన్న నమ్మకంతో ఏడ్చే ఏడుపు.

రాతలమ్మ చుట్టూ చూసింది. అంత పొద్దెక్కినా, అంతమంది ఉండే వీధిలో ఒక్క తలుపూ తెరిచి లేదు. ఎదురింటి అరుగు మీద మాత్రం ఒకావిడ బొగ్గుల పెట్టెతో బట్టలు ఇస్త్రీ చేస్తోంది.

"ఎన్నాళ్లుగా ఇలా?" అని అడిగింది రాతలమ్మ ఆవిడ దగ్గరికి వెళ్లి.

"నాకేం తెలీదమ్మా. పొద్దస్తమానం నా పని నాకే సరిపోతుంది." ఇస్త్రీ ఆవిడ తలెత్తలేదు. అప్పటికే ముడతల్లేని చొక్కా మీద మళ్లీ మళ్లీ పెట్టె తోస్తోంది.

సాయంత్రం ఆరింటికి రాతలమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి తాళం లేదు. తలుపు తీసినవాడు యాభై దాటిన మనిషి, బస్సు కండక్టరు, ఇంకా యూనిఫాంలోనే ఉన్నాడు. కార్యాలయం నుంచి వచ్చానని చెప్పగానే అతని మొహంలో రంగు మారింది. అయినా లోపలికి రమ్మన్నాడు.

ఒకే గది, వెనక చిన్న వంటిల్లు. గది మూలన కుట్టు మిషను, దాని మీద దుప్పటి కప్పి తాడుతో చుట్టి కట్టేశారు. వంటింట్లో పొయ్యికి గొట్టం ఊడదీసి ఉంది. గోడకి మేకులున్నాయి, వాటికి ఏమీ తగిలించి లేదు. మంచం మీద ఒకావిడ కూర్చుని తన గౌను అంచుని వేళ్లతో కొలుచుకుంటోంది. యాభై ఏళ్లుంటాయి. ఒకప్పుడు ఈ వీధిలో సగంమంది ఒంటిమీద బట్ట ఆవిడ చేతిమీదుగా వెళ్లిందేనట. టైలరమ్మ అనేవాళ్లు. ఆవిడ ఎడం మణికట్టు చుట్టూ కమిలిన గుర్తులు, నాలుగు వేళ్లు పడ్డట్టు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

"ఎలా ఉన్నారమ్మా?" అంది రాతలమ్మ.

"బాగానే ఉంది" అన్నాడు కండక్టరు.

"పొద్దున్న ఏం తిన్నారు?"

"నేను పెట్టి వెళ్తాను. తింటుంది."

"చేతికి ఏమైందమ్మా?"

"తలుపుకి తగిలింది" అన్నాడు కండక్టరు.

అడిగింది ఆవిడని. జవాబు ప్రతిదీ అతనిది. రాతలమ్మకి ఏడేళ్ల కిందటి గుమ్మం, ఆ కోడలి గొంతు గుర్తొచ్చాయి.  ఈసారి అడిగేసింది.

"ఆవిడతో ఒక్క పది నిమిషాలు విడిగా మాట్లాడాలండీ. మా పనిలో అదొక పద్ధతి."

కండక్టరు లేచి నిలబడ్డాడు. అరవలేదు, చెయ్యెత్తలేదు. నెమ్మదిగానే అన్నాడు, అందుకే ఎక్కువ భయం వేసింది. "మీరు రాసుకోడానికి మా ఇంట్లో ఏమీ లేదు. ఇంకోసారి రావద్దు. వెళ్లండి."

తలుపు మూసుకుంది. లోపల్నుంచి గడియ పెట్టిన చప్పుడు. రాతలమ్మ వీధి చివరిదాకా నడిచిందో పరిగెత్తిందో ఆవిడకే తెలియదు.

ఇంట్లో మాస్టారికి అంతా చెప్పింది.

"పోలీసులకి చెప్పు, వాళ్లే చూసుకుంటారు" అన్నాడాయన.

"చెప్తే తాళం పగలగొడతారు. ఆవిణ్ణి తీసుకెళ్లి ప్రభుత్వ ఆశ్రమంలో పెడతారు. నేను చూశానండీ ఆ ఆశ్రమం. నలభైమందికి ఒకటే గది. దానికీ బయట తాళమే."

"అయితే చెప్పకు."

"చెప్పకపోతే, ఆ ముసలాయన..."

 జోకులు వెయ్యని మాస్టారిని చూస్తే ఆవిడకి మరింత భయమేసింది. ఆ వారమంతా పదిహేడో నంబరు ఫారం సంచిలోనే ఉంది. రాస్తే ఒక భయం, రాయకపోతే ఇంకో భయం.

మిగతా ఇళ్ల పని ఆగదు కదా. రోజుకి ఐదారు ఇళ్లు తిరిగేది. జనం మర్యాదగా కూర్చోబెట్టి, ఫారంలో చదివి వినిపించిన పదిహేనింటికీ తలూపేవారు. గ్రంథాలయం కావాలా అంటే కావాలి. కుట్టు శిక్షణా, కావాలి. ఏం ఇస్తామన్నా వద్దనేవాళ్లు లేరు. రాతలమ్మకి చిర్రెత్తుకొచ్చింది, వాళ్ల మీద కాదు, చేతిలో కాగితం మీద. ఇరవయ్యో ఇంట్లోనో ఇరవై ఒకటో ఇంట్లోనో ఫారం మూసేసి, అనుకోకుండా తనకి బాగా తెలిసిన సంగతే అడిగింది.

"ఇవన్నీ సరే. ఇల్లు దాటి బయటికి వెళ్లేటప్పుడు మీకు దేనికి భయమేస్తుంది?"

ఆ ఇంటి ఇల్లాలు నీళ్ల గ్లాసు అందిస్తూ అందిస్తూ ఆగిపోయింది.  "ఏమీ లేదండీ" అంది. ఆ "ఏమీ లేదు" ఎలాంటిదో రాతలమ్మకి తెలుసు.

అదే ప్రశ్నని మర్నాడు ఇస్త్రీ ఆవిడని అడిగింది. ఆవిడ పెట్టెని ఇటుక మీద పెట్టింది.  తర్వాత లేచి, "లోపలికి రండమ్మా" అంది.

వెనక గదికి బయట గడియ ఉంది. ఇస్త్రీ ఆవిడ దాన్ని చప్పుడు కాకుండా తీసింది. లోపల చాపమీద ఇరవై నాలుగేళ్ల అమ్మాయి కూర్చుని, గుడ్డపేలికలు ముడులు వేస్తూ, విప్పుతూ ఉంది. మాటలు రావు. కొత్త మనిషిని చూసి నవ్వింది.

"నా కూతురు. పుట్టినప్పట్నుంచీ ఇంతే. నేను బట్టలు ఇళ్లకి ఇచ్చిరావడానికి రెండు గంటలు పడుతుంది. ఆ రెండు గంటలూ గడియ పెట్టి వెళ్తాను. దారిలో ఎక్కడ పొగ కనిపించినా మా ఇల్లేనేమో అనుకుంటాను. నేను బయట ఎక్కడైనా పడి చచ్చిపోతే ఈ పిల్ల లోపల ఉందని ఎవరికి తెలుసు?" ఆవిడ కూతురి చెదిరిన జుట్టు వెనక్కి తోసింది. "ఆ ఉత్తరం నేనే రాశానమ్మా."

"మరి పదిహేడో నంబరు గురించి ఎందుకు రాశారు?"

"అక్కడికొస్తే ఇక్కడికీ వస్తారేమో అనుకున్నాను." కొంగుతో మొహం తుడుచుకుంది. "రాకపోతే బాగుండునని కూడా అనుకున్నాను. రెండూ అనుకున్నాను. మీరు వచ్చిన రోజున నా ప్రాణం నా దగ్గర లేదు."

రాతలమ్మ పెన్ను తియ్యలేదు. ఆ అమ్మాయి ముడి వేసిన పేలికని ఆవిడ చేతిలో పెడితే పట్టుకుని కూర్చుంది.

రెండు రోజుల తర్వాత ఉపద్రవం జరిగింది. టైం పదిన్నర. రాతలమ్మ ఇరవై ఎనిమిదో నంబరు గుమ్మంలో ఉండగా వీధి అటుచివర నుంచి కేక వినబడింది. పదిహేడో నంబరు కిటికీలోంచి పొగ. నల్లగా లేదు, బూడిదరంగులో, తీరిగ్గా బయటికొచ్చి గోడమీద పాకుతోంది. అంతవరకూ మూసి ఉన్న తలుపులన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. జనం గుమిగూడారు. తాళం మాత్రం గడియకి అలాగే ఉంది. తాళంచెవి కండక్టరు జేబులో, కండక్టరు బస్సులో, బస్సు ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

"ఫైరింజన్‌కి ఫోన్ చేశాం" అన్నారెవరో. "ఈ సందులోకి అది రాదు" అన్నారింకెవరో.

రాతలమ్మ అటు పరిగెత్తింది. కిటికీ దగ్గరికి వెళ్లి "అమ్మా" అని పిలిచింది. లోపల దగ్గు. ఆ దగ్గు మధ్యలో, "ఒక్క నిమిషం, ఈ కుట్టు అణగాలి" అన్న మాట.

అప్పుడు ఇస్త్రీ ఆవిడ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. బొగ్గుల పెట్టె రెండు చేతులా పట్టుకుంది. నిప్పులు రోడ్డు మీద ఒంపేసి, ఆ ఇనప పెట్టెతో తాళం మీద మోదింది. ఒకటి, రెండు, మూడు. నాలుగో దెబ్బకి గడియ చెక్కతో సహా ఊడొచ్చింది.

తలుపు తెరుచుకోగానే పొగ మొహాన కొట్టింది. జనం వెనక్కి జరిగారు. లోపలికి ఎవరు ముందు వెళ్లారంటే, ఉయ్యాల ఎక్కితే ఏడ్చిన మనిషే వెళ్లింది. ఎందుకు వెళ్లావని తర్వాత మాస్టారు అడిగితే, "బయట నిలబడటానికి ఇంకా భయమేసింది" అంది.

మంచం మీద పరుపు రగులుతోంది. దాని మీద కరెంటు ఇస్త్రీపెట్టె. కండక్టరు దాన్ని బీరువా పైన దాచాడు. టైలరమ్మ కుర్చీ వేసుకుని ఎక్కి దింపింది, వైరు ప్లగ్గులో పెట్టింది, తన గౌను విప్పదీసిన కుట్టుని పరుపు మీద పరిచి అణుస్తూ పెట్టె సంగతి మర్చిపోయింది. ఇప్పుడు కుర్చీలో కూర్చుని దగ్గుతోంది. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. చెయ్యి పట్టుకుని లాగితే కుర్చీని గట్టిగా కరిచిపట్టుకుంది.

"నేను రాను. కస్టమర్లు వస్తారు. నేను లేకపోతే వెళ్లిపోతారు."

రాతలమ్మకి ఊపిరాడటం లేదు. అయినా గొంతు మామూలుగా పెట్టింది. "నేనే కస్టమర్నండీ. కొలతలు ఇవ్వడానికి వచ్చాను. ఇక్కడ చీకటిగా ఉంది, టేపు మీద అంకెలు కనబడవు. వెలుతురులోకి రండి."

టైలరమ్మ ఆవిణ్ణి తలనుంచి పాదాలదాకా ఒకసారి చూసింది. "మీకు భుజాలు వెడల్పు" అంది. లేచి, తనే ముందు నడిచి బయటికొచ్చింది.

పరుపు బయటికి లాగి బిందెలతో నీళ్లు పోశారు. గంట తర్వాత కండక్టరు వచ్చాడు. ఎవరో డిపోకి ఫోన్ చేశారు, ఎవరి బండో ఎక్కి వచ్చాడు. సందు మొదట్లో దిగి, జనాన్ని చూసి, ఊడిన తలుపుని చూసి, అక్కడే ఆగిపోయాడు. ఇంకో అడుగు వేస్తే ఏం కనబడుతుందోనని ఆగినట్టు ఆగాడు. ఇస్త్రీ ఆవిడ అరుగు మీద తన భార్య కూర్చుని జేబురుమాలుతో రాతలమ్మ భుజాలు కొలుస్తుండటం చూశాక అక్కడే రోడ్డు మీద చతికిలపడ్డాడు.

తర్వాత చెప్పాడు, తలెత్తకుండా. "నాలుగేళ్లయిందమ్మా మరుపు మొదలై. ముందు కత్తెర ఎక్కడ పెట్టిందో మర్చిపోయేది. తర్వాత నన్ను. రెండుసార్లు పెద్ద రోడ్డు మీదికి వెళ్లిపోయింది. రెండోసారి లారీ ముందునుంచి లాగాను. ఆ చేతి మీద గుర్తులు నావే. నా వేళ్లే అవి. మీరు చూస్తుంటే తెలిసింది నాకు, మీరేం అనుకుంటున్నారో."

"నిజం చెప్పి ఉండొచ్చు కదండీ."

"చెప్తే రాసుకుంటారు. రాసుకుంటే తీసుకుపోతారు." మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. "పొద్దున్న తాళం వేసేటప్పుడు రోజూ అనుకుంటాను, ఇవ్వాళ కూడా ఏం కాకూడదని. డ్యూటీలో మొదటి ట్రిప్పంతా టిక్కెట్లు కొడుతున్నానో ఏం చేస్తున్నానో తెలియదు."

ఇన్నాళ్లూ తను ఆ మనిషికి భయపడింది. ఆ మనిషి తనకి భయపడ్డాడు. రాతలమ్మ వెళ్లి అతని పక్కన కూర్చుంది.

ఆ మర్నాటి నుంచి మొదటి ఇంటి నుంచి మళ్లీ మొదలుపెట్టింది. ఫారం సంచిలో ఉంచేసి, ఒక్క ప్రశ్నే అడిగింది. పొగ చూసిన వీధి కాబట్టి ఈసారి "ఏమీ లేదు" అనేవాళ్లు తగ్గారు. మంచినీళ్ల గ్లాసుతో ఆగిపోయిన ఇల్లాలు తన భర్త తమ్ముణ్ణి చూపించింది. పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయిన మనిషి, ఆవిడ పనిలోకి వెళ్లినంతసేపూ తాళం వెనకే. ఇంకో ఇంట్లో మూర్ఛలొచ్చే పిన్ని. మరో ఇంట్లో కళ్లు కనబడని అత్తగారు, అత్తగారికి కాపలాగా ఆరేళ్ల పిల్ల, ఇద్దరికీ కలిపి తాళం. అరవై నాలుగు ఇళ్లలో తొమ్మిదింటికి బయట తాళం, లోపల మనిషి. తొమ్మిదిళ్లవాళ్లూ ఒకే మాట అడిగారు. "నంబరు రాయకండమ్మా."

రాతలమ్మ ఒక తెల్లకాగితం మీద తొమ్మిది కుటుంబాల సంగతి రాసింది. ఎవరు లోపల ఉంటారు, ఎన్ని గంటలు, బయటికెళ్లేవాళ్లు ఎందుకు వెళ్లక తప్పదు. ఇంటి నంబర్లు లేవు. అడుగున రాసింది: 'ఈ వీధికి కావలసింది పగటిపూట మనుషులు కూర్చునే ఒక గది, వాళ్లని చూసుకునే ఇద్దరు.'

సార్ ఆ కాగితం రెండుసార్లు చదివాడు. "అమ్మా, మన జాబితాలో పదిహేను ఉన్నాయి. ఈ పదహారోది ఎక్కడిది?"

"వీధిలోదండీ."

"గళ్లు లేవు కదా దీనికి. సరే, పంపిద్దాం. ఇంటి నంబర్లు ఏవి? విచారణ చెయ్యాలి."

రాతలమ్మ సంచిని ఒళ్లోకి లాక్కుంది. ఇరవై రెండేళ్లలో ఏనాడూ ఆయనకి ఎదురు చెప్పలేదు. "ముందు గది చూపించండి సార్. గది తెరిచిన రోజున నంబర్లు నేనే తెచ్చి ఇస్తాను."

"అంటే ఇవ్వరా?"

"గది లేకుండా నంబర్లు ఇస్తే వాళ్లని ఆశ్రమానికి పంపుతారు సార్. మీకూ తెలుసు."

సార్ ఒంటికాలిమీద లేవలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మూడో రోజున ఆవిడకి మెమో వచ్చింది. వివరాలు దాచినందుకు సంజాయిషీ ఇవ్వాలి. ఆ కాగితాన్నీ ఆవిడ నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. ఉద్యోగం పోతుందన్న భయం ఒకటి. ఈలోగా ఆ తొమ్మిదిళ్లలో ఎక్కడో ఒకచోట మళ్లీ పొగ వస్తే, నంబర్లు తన దగ్గరే పెట్టుకున్న పాపం తనదేనన్న భయం ఇంకొకటి. ఆ నెల్లాళ్లూ పొద్దున్నే ఆఫీసుకి వెళ్లేముందు ఆ వీధికి వెళ్లేది. ఇస్త్రీ ఆవిడతో మాట్లాడి ఒక ఏర్పాటు చేసింది. తొమ్మిదిళ్ల మారు తాళంచెవులూ ఒకటొకటిగా ఇస్త్రీ అరుగు మీద డబ్బాలోకి చేరాయి. కండక్టరుది మొదటగా చేరింది.

చివరికి జిల్లా ఆఫీసు నుంచి ఒక పెద్దావిడ విచారణకి వచ్చింది. రాతలమ్మ ముందురోజు ఇంటింటికీ వెళ్లి చెప్పింది. "ఆవిడ రేపు పదకొండింటికి వస్తుంది. మీరు తలుపు తియ్యకపోతే నేనేమీ అనుకోను. తీస్తే ఏమవుతుందో నేనూ చెప్పలేను." ఎవరూ మాటివ్వలేదు.

పదకొండింటికి పెద్దావిడ, సార్, రాతలమ్మ వీధి మధ్యలో నిలబడ్డారు. తలుపులన్నీ మూసే ఉన్నాయి. సార్ గడియారం చూసుకున్నాడు.  అంతలో ఇస్త్రీ ఆవిడ ఇంటి తలుపు తెరుచుకుంది. కూతుర్ని చెయ్యిపట్టుకుని బయటికి తీసుకొచ్చి అరుగు మీద కూర్చోబెట్టింది. ఎండకి ఆ అమ్మాయి కళ్లు చికిలించింది. ఇరవై ఏళ్లుగా పక్కింట్లో ఉన్నవాళ్లు కూడా ఆ పిల్లని చూడటం అదే మొదలు. తర్వాత సెలవు పెట్టుకున్న కండక్టరు భార్యతో వచ్చాడు. నీళ్ల గ్లాసు ఇల్లాలి మరిదిని కుర్చీతో సహా ఎత్తుకొచ్చారు. తొమ్మిదిలో ఐదు తలుపులే తెరుచుకున్నాయి. నాలుగు తెరుచుకోలేదు.

 పెద్దావిడ ఒక్కొక్కరి దగ్గరా కూర్చుంది. మూడు నెలలకి వీధి చివర ఖాళీగా పడున్న పాత పోస్టాఫీసు గది ఇచ్చారు. ఇద్దరు ఆయాలని పెట్టారు. వారానికి ఐదు రోజులు, మధ్యాహ్నం మూడింటిదాకా. మూడు తర్వాత మళ్లీ తాళాలే. అయినా అంతవరకు నయం. రాతలమ్మ మాట ప్రకారం నంబర్లు తీసుకెళ్లి ఇచ్చింది. మెమో సంగతి ఎవరూ ఎత్తలేదు, వెనక్కి తీసుకున్నామనీ చెప్పలేదు.

టైలరమ్మ ఆ గదిలో ఏడాది పైన కూర్చుంది. వచ్చినవాళ్లందరి భుజాలూ కొలిచేది. రానురాను కొలవడం కూడా మర్చిపోయింది, మంచం పట్టింది. కండక్టరు ముందే ఉద్యోగం మానుకుని ఇంట్లో ఉండి చూసుకున్నాడు. ఆవిడ పోయిన రోజున రాతలమ్మ వెళ్తే, "తలుపు తీసే ఉందమ్మా, లోపలికి రండి" అన్నాడు.

ఇదంతా బాగానే ఉంది కానీ, నలభై ఒకటో నంబరు మిగిలిపోయింది. అది తొమ్మిదిలో లేదు. రాతలమ్మ అడిగినప్పుడల్లా ఆ ఇంటాయన నవ్వుతూ, "మేమిద్దరమేనండీ, ఎవరికీ ఏ భయమూ లేదు" అనేవాడు. భార్య వెనక నిలబడి ఆవిడా నవ్వేది. కానీ గుమ్మం పక్కన మూడు జతల చెప్పులుండేవి. మూడోది చిన్నది, అరగనిది. ఒకసారి ధైర్యం చేసి, "ఇవెవరివండీ?" అంది. "చుట్టాలవి" అన్నాడాయన. ప్రతి గురువారం ఏదో వంక పెట్టుకుని వెళ్లేది. సార్‌కి చెప్పింది. సార్ ఈసారి వెంటనే పోలీసులతో మాట్లాడాడు. వాళ్లు వచ్చేసరికి ఇల్లు ఖాళీ. ముందురోజు సామాను బండి వచ్చిందట. ఎక్కడికెళ్లారో ఎవరికీ తెలియదు.

రాతలమ్మ లోపలికి వెళ్లి చూసింది. గదులు ఊడ్చి ఉన్నాయి. వెనక గది తలుపుకి బయటివైపు గడియ ఉంది, కిందా పైనా రెండు. లోపల గోడమీద నడుమెత్తున వేలితో అరగదీసినట్టు నునుపైన చార. ఎంతకాలం రుద్దితే అలా అవుతుందో ఆవిడ లెక్కవెయ్యలేదు.

ఫారం తీసింది. నలభై ఒకటో నంబరు ఎదురుగా తను చూసింది చూసినట్టు రాసింది, గళ్లు దాటి అంచుల్లోకి కూడా రాసింది.  సంతకం పెట్టి, బయటికొచ్చి, తలుపు దగ్గరగా వేసి, నలభై రెండో నంబరు తలుపు తట్టింది.